ఇంట్లో నాస్, బయట మీరు: పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంటి వైఫైకి తగిలించి అందరూ ఫైళ్లు దాచుకునే నాస్ పెట్టెని బయట ఉన్నప్పుడు ఎలా తెరవాలి అని. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి జవాబులు ఇస్తున్నాను. మొదటి జవాబు కాస్త పెద్దది, మిగతావాటిలో చాలావాటికి అదే ఆధారం కాబట్టి దాన్ని దాటేయకండి.

ప్రశ్న: మా ఇంట్లో రెండు డిస్కుల సైనాలజీ నాస్ ఉంది. పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు, నా ఆఫీసు పని అన్నీ అందులోనే. బయటి నుంచి కూడా అందాలని రౌటర్‌లో 5000, 5001, 445 పోర్టులు ఫార్వర్డ్ చేశాను, బాగానే పనిచేస్తోంది. కానీ ఈమధ్య నాస్ లాగ్ చూస్తే ఎక్కడెక్కడి ఐపీ అడ్రస్‌ల నుంచో 'అడ్మిన్' పేరుతో లాగిన్ కోసం ప్రయత్నించినట్టు వరసగా కనిపిస్తోంది. పాస్‌వర్డ్ గట్టిదే పెట్టాను, అయినా టెన్షన్‌గా ఉంది.

పోర్టు ఫార్వర్డ్ చేయడమంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా నాస్ దాకా రౌటర్‌లో ఒక తలుపు తెరిచిపెట్టడం. ముందు ఆ మూడు ఫార్వర్డింగులూ తీసేయండి. ఇది చదవడం ఆపి, వెళ్లి తీసేసి వచ్చి మిగతాది చదివినా సరే. అన్నిటికన్నా ముందు 445. అది విండోస్ ఫైల్ షేరింగ్ వాడుకునే ఎస్ఎంబీ పోర్టు, ఇంటి నెట్‌వర్క్ లోపల వాడుకోవడానికే గానీ ఇంటర్నెట్‌కి చూపించడానికి కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) సుమారు 150 దేశాలకి పాకింది విండోస్ ఎస్ఎంబీలో ఉన్న ఒక లోపం మీదుగానే.

లాగ్‌లో కనిపిస్తున్న ప్రయత్నాలు మీ మీద ఎవరో పగబట్టి చేస్తున్నవి కావు. ఐపీవీ4 అడ్రస్‌లు, అంటే ఇంటర్నెట్‌లో పాత తరహా అడ్రస్‌లు, మొత్తం కలిపినా సుమారు 430 కోట్లు, మంచి కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటర్ వాటన్నిటినీ ఒక పోర్టు కోసం గంటలోపే వెతికేయగలదు. ఇలా వెతికే ప్రోగ్రాములు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి, ఏ పోర్టు తెరిచి ఉంటే దాని మీద తెలిసిన పేర్లూ పాస్‌వర్డ్‌లూ ప్రయోగిస్తూ పోతాయి. పోర్టు నంబరు 5001 నుంచి 50123కి మార్చేస్తే సరిపోతుందా అని ఇంకో ఇద్దరు అడిగారు. సరిపోదండీ, లాగ్‌లో గొడవ తగ్గుతుంది తప్ప రక్షణ పెరగదు.

పాస్‌వర్డ్ గట్టిదే అన్నారు, మంచిదే. కానీ నన్ను భయపెట్టేది పాస్‌వర్డ్ ఊహించేవాళ్లు కాదు, పాస్‌వర్డ్ అవసరమే లేకుండా లోపలికి వచ్చేవాళ్లు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దాడులు క్యూనాప్ అనే కంపెనీ నాస్‌ల మీద జరిగాయి. ఇంటర్నెట్‌కి నేరుగా కనిపిస్తున్న పెట్టెల్ని వెతికి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపాల గుండా దూరి, ఫైళ్లకి తాళం వేసి బిట్‌కాయిన్ అడిగారు. 2014 ఆగస్టులో సైనోలాకర్ సైనాలజీ పాత వెర్షన్ల మీద ఇదే పని చేసింది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ల పాత మై బుక్ లైవ్ డ్రైవులైతే దూరం నుంచే ఫ్యాక్టరీ రీసెట్ అయిపోయాయి, జనం పొద్దున లేచి చూసేసరికి ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు లేవు. కాబట్టి ఏ కంపెనీ పెట్టె అయినా ఒకటే మాట, నాస్ లాగిన్ పేజీ ఇంటర్నెట్‌లో ఎవరికీ కనపడకూడదు.

మరి మీరెలా చూడాలి? వీపీఎన్ ద్వారా. బయట ఉన్నప్పుడు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో వీపీఎన్ ఆన్ చేస్తే ఆ పరికరం మీ ఇంటి వైఫైలో ఉన్నట్టే అయిపోతుంది, ఇంట్లో వాడే అడ్రస్‌తోనే నాస్ తెరుచుకుంటుంది. ఈ పనికి నేను మొదట చెప్పేది వైర్‌గార్డ్. 2020 మార్చిలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ 5.6లోనే చేరిపోయింది, తేలిగ్గా ఉంటుంది, ఫోన్ బ్యాటరీని పెద్దగా తినదు. దీనికి కూడా రౌటర్‌లో ఒక యూడీపీ పోర్టు తెరవాలి, మామూలుగా 51820. ఒక పోర్టు మూయించి ఇంకోటి తెరవమంటున్నానేంటి అనుకోవద్దు. సరైన కీ లేనివాళ్లు తలుపు తడితే వైర్‌గార్డ్ అసలు పలకదు, తిరస్కరించినట్టు కూడా చెప్పదు, వెతికే ప్రోగ్రాములకి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది.

మీ రౌటర్‌లోనే వైర్‌గార్డ్ సర్వర్ ఉంటే అక్కడే పెట్టండి, నాస్‌లో వద్దు. రౌటర్‌లో ఉంటే నాస్ ఆగిపోయిన రోజున కూడా ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చి ఏమైందో చూసుకోవచ్చు. రౌటర్ మెనూలో వీపీఎన్ సర్వర్ ఆన్ చేసి, ఫోన్ కోసం ఒక పీర్ (ఆ పరికరానికి సొంత కీతో ఒక ఎంట్రీ) సృష్టిస్తే చాలా రౌటర్లు క్యూఆర్ కోడ్ చూపిస్తాయి, దాన్ని ఫోన్‌లోని వైర్‌గార్డ్ యాప్‌తో స్కాన్ చేస్తే అయిపోతుంది. ప్రతి పరికరానికీ విడిగా పీర్ సృష్టించండి, ఒకే కీని ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ పెడితే రెండూ ఒకేసారి ఆన్ చేసినప్పుడు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. యాప్ సెట్టింగుల్లో 'అలౌడ్ ఐపీస్' అనే చోట 0.0.0.0/0 ఉంటే ఫోన్ ట్రాఫిక్ అంతా ఇంటి మీదుగా పోతుంది. నాస్ ఒక్కటే కావాలంటే అక్కడ మీ ఇంటి నెట్‌వర్క్ రేంజ్ (ఇంట్లోని పరికరాల అడ్రస్‌లు ఉండే పరిధి) మాత్రం రాయండి. ఇంటి ఐపీ అప్పుడప్పుడు మారుతుంటే డీడీఎన్ఎస్ పేరు (ఐపీ మారినా మీ ఇంటినే చూపించే పేరు) తీసుకుని యాప్‌లో ఎండ్‌పాయింట్ దగ్గర ఐపీ బదులు ఆ పేరు ఇవ్వండి. వీపీఎన్ ఆన్‌లో ఉండగా ఐపీ మారిపోతే ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొత్త ఐపీ పట్టుకుంటుంది. అంతా అయ్యాక ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద పరీక్షించండి, ఇంటి వైఫైలో ఉండి చేసిన పరీక్షకి ఏ విలువా లేదు.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే టెయిల్‌స్కేల్ ఉంది. లోపల నడిచేది వైర్‌గార్డే. నాస్‌లో ఒక ప్యాకేజీ, ఫోన్‌లో ఒక యాప్ పెట్టి రెండింటిలోనూ ఒకే ఖాతాతో సైన్ ఇన్ అయితే రౌటర్‌ని ముట్టుకోనక్కర్లేదు, ఒక్క పోర్టు కూడా తెరవక్కర్లేదు. పరికరాల్ని ఒకదానికొకటి పరిచయం చేసే పని ఆ కంపెనీ సర్వర్లు చేస్తాయి, మీ ఫైళ్లు మాత్రం మీ పరికరాల మధ్య ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తాయి. ఆ ఖాతా పోతే ఇంటి దారి పోయినట్టే కాబట్టి దానికి టూ స్టెప్ లాగిన్ తప్పకుండా పెట్టండి.

పోర్టులు ఇంతకాలం తెరిచి ఉన్నాయి కాబట్టి ఇప్పటికే ఎవరైనా వచ్చి వెళ్లారేమో కూడా చూడాలి. లాగ్‌లో విఫలమైన ప్రయత్నాలు కాదు, విజయవంతమైన లాగిన్లు చూడండి, అందులో మీది కాని ఐపీ ఉందా అని. మీరు సృష్టించని యూజర్లు, మీరు పెట్టని షెడ్యూల్డ్ టాస్కులు ఉన్నాయా చూడండి. 'అడ్మిన్' అనే ఖాతాని డిసేబుల్ చేసి వేరే పేరుతో అడ్మినిస్ట్రేటర్‌ని పెట్టుకోండి, దానికి టూ స్టెప్ లాగిన్, తప్పుడు ప్రయత్నాలకి ఆటో బ్లాక్ ఆన్ చేయండి, నాస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే నాస్ లాంటి పరికరాలు మిమ్మల్ని అడక్కుండానే తమంతట తామే పోర్టులు తెరిపించుకోగలవు. మీరు చేత్తో తీసేసింది మళ్లీ వెనకదారిన తెరుచుకోకుండా దాన్ని ఆపేయండి.

ప్రశ్న: వైర్‌గార్డ్ కోసం పోర్టు ఫార్వర్డ్ చేశాను, డీడీఎన్ఎస్ పెట్టాను, అన్నీ మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాను. ఇంట్లో ఉంటే నాస్ తెరుచుకుంటుంది, బయటి నుంచి మాత్రం ససేమిరా రాదు.

మీ తప్పేమీ ఉండకపోవచ్చు. రౌటర్ పేజీలోకి వెళ్లి వ్యాన్ ఐపీ (ఇంటి బయటివైపు రౌటర్‌కి ఉన్న అడ్రస్) అని ఉన్నచోట ఏముందో రాసుకోండి, తర్వాత ఇంటి కనెక్షన్ మీదే 'నా ఐపీ ఏమిటి' అని చెప్పే ఏదైనా సైట్ తెరిచి అక్కడేముందో చూడండి. రెండూ ఒకటే అయితే సమస్య మీ సెట్టింగుల్లో ఉంది. వేరువేరుగా ఉంటే చాలావరకు మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతోంది. బయటి నుంచి వచ్చే కనెక్షన్ వాళ్ల పెట్టె దగ్గరే ఆగిపోతుంది, మీ రౌటర్ దాకా రాదు, అందుకే మీరు రౌటర్‌లో ఎన్ని మార్చినా ఉపయోగం లేదు. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఇంక సందేహమే అక్కర్లేదు, ఆ రేంజ్‌ని 2012లో ఈ పని కోసమే పక్కన పెట్టారు. టెయిల్‌స్కేల్ కూడా తన పరికరాలకి ఇదే రేంజ్‌లోంచి అడ్రస్‌లు ఇస్తుంది, కాబట్టి ల్యాప్‌టాప్‌లో 100తో మొదలయ్యే అడ్రస్ చూసి కంగారుపడకండి, చూడాల్సింది రౌటర్ పేజీలో.

వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే ముందు ఇంట్లోనే చూడండి. కంపెనీవాళ్లు ఇచ్చిన మోడెమే ఒక రౌటర్‌గా పనిచేస్తూ, దాని వెనక మీరు కొన్న రౌటర్ ఉండి ఉంటుంది. మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసేలా, పెట్టమని అడిగితే సరిపోతుంది. నిజంగా సీజీనాటే అయితే కంపెనీని పబ్లిక్ ఐపీ అడగవచ్చు, కొందరు ఊరికే ఇస్తారు, కొందరు నెలనెలా డబ్బు తీసుకుంటారు. ఐపీవీ6 (కొత్త తరహా అడ్రస్) ఉంటే అదీ ఒక దారి, కానీ మీరు బయట వాడే నెట్‌వర్క్‌లోనూ ఐపీవీ6 ఉండాలి, రౌటర్ ఫైర్‌వాల్‌లో వైర్‌గార్డ్ పోర్టు ఒక్కటే వదిలి మిగతావన్నీ మూసి ఉంచాలి. నన్నడిగితే ఈ పరిస్థితిలో నేరుగా టెయిల్‌స్కేల్‌కి వెళ్లిపోండి. రెండువైపుల నుంచీ బయటికే కనెక్షన్లు చేయించి మధ్యలో కలుపుతుంది కాబట్టి సీజీనాట్ దానికి మామూలుగా అడ్డు కాదు, నేరుగా కలపడం కుదరనప్పుడు తన రిలే సర్వర్ల మీదుగా పంపుతుంది. కాస్త నెమ్మదిస్తుంది గానీ పని ఆగదు.

ప్రశ్న: పోర్టు తెరవకుండా బయటి నుంచి నాస్ చూడటానికి సైనాలజీ కంపెనీ ఇచ్చే క్విక్‌కనెక్ట్ వాడుతున్నాను. అది సురక్షితమేనా? అప్పుడప్పుడు చాలా నెమ్మదిగా ఉంటోంది.

పోర్టులు తెరిచి కూర్చోవడం కంటే ఎంతో మేలు. నెమ్మదికి కారణం, నేరుగా దారి దొరకనప్పుడు మీ ఫైళ్లు సైనాలజీ రిలే సర్వర్ మీదుగా తిరిగి రావడం. కానీ క్విక్‌కనెక్ట్ ఐడీ తెలిసినవాళ్లకి మీ లాగిన్ పేజీ కనిపిస్తుంది, అందుకని ఇంటిపేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి ఐడీ పెట్టుకోవద్దు, టూ స్టెప్ లాగిన్ లేకుండా వాడొద్దు. ఫోన్‌లో అప్పుడప్పుడు ఒక కాగితం తెరిచి చూసుకునేవాళ్లకి ఇది చాలు. రోజూ పనిచేసేవాళ్లు మాత్రం వీపీఎన్‌కి మారండి.

ప్రశ్న: వీపీఎన్ కొన్నిచోట్ల బాగా పనిచేస్తుంది, కొన్నిచోట్ల కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది గానీ నాస్ దొరకదు. అదే ఫోన్ మొబైల్ డేటా మీద అయితే బ్రహ్మాండంగా వస్తుంది.

మీ ఇంటి నెట్‌వర్క్ 192.168.1 తోనో 192.168.0 తోనో మొదలవుతుంది కదూ? మీరు వెళ్లిన చోటి వైఫై కూడా అదే రేంజ్‌లో ఉండి ఉంటుంది, ఎందుకంటే చాలా రౌటర్లు పెట్టెలోంచి తీసినప్పుడు ఉండే రేంజ్ అదే. అప్పుడు మీరు 192.168.1.20 అని కొడితే ల్యాప్‌టాప్ మీ నాస్ కోసం వీపీఎన్‌లోకి వెళ్లకుండా అక్కడి నెట్‌వర్క్‌లోనే వెతుక్కుంటుంది. ఎక్కడికి వెళ్లినా ఇలాగే అవుతుంది కాబట్టి ఇంటి రేంజ్‌నే మార్చేయండి, 192.168.57 లాంటి ఎవరూ వాడనిదేదైనా. మార్చిన రోజు ప్రింటరూ కెమెరాలూ మళ్లీ కలుపుకోవాలి, ఓ పూట పని. తర్వాత ఆ బాధ ఉండదు.

రేంజ్ వేరేగా ఉన్నా చిన్న పేజీలు తెరుచుకుని పెద్ద ఫైళ్ల దగ్గర ఆగిపోతుంటే వైర్‌గార్డ్ యాప్‌లో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) విలువ 1420 బదులు 1280 పెట్టి చూడండి.

ప్రశ్న: మాది 200 ఎంబీపీఎస్ కనెక్షన్. అయినా బయటి నుంచి వీడియోలు చూస్తే ఆగి ఆగి వస్తున్నాయి. నాస్ మార్చాలా?

నాస్ మార్చొద్దు, ముందు అప్‌లోడ్ వేగం చూడండి. బయట కూర్చుని మీరు డౌన్‌లోడ్ చేసుకునేది మీ ఇంటివైపు నుంచి అప్‌లోడ్. డౌన్‌లోడ్ 200 ఉన్న కొన్ని ప్లాన్లలో అప్‌లోడ్ 20 మాత్రమే ఉంటుంది. 20 ఎంబీపీఎస్ అంటే సెకనుకి రెండున్నర మెగాబైట్లు, ఒక జీబీ ఫైలుకి ఏడు నిమిషాల దాకా పడుతుంది. ఫోన్‌లో 4కే, 60 ఫ్రేమ్‌లతో తీసిన వీడియోకి 50 ఎంబీపీఎస్ దగ్గర కావాలి, అది ఆ దారిలో పట్టదు. నాస్‌లోని వీడియో యాప్‌లో తక్కువ క్వాలిటీకి మార్చి పంపే ట్రాన్స్‌కోడింగ్ సదుపాయం ఉంటే ఆన్ చేయండి, లేదంటే వెళ్లేముందు ఇంట్లోనే ఫోన్‌లోకి ఎక్కించుకోండి.

ఆఫీసు ఫైళ్ల విషయంలో ఇంకో మాట. విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవ్‌గా పెట్టుకుని దూరం నుంచి ఫైళ్లు తెరిస్తే విసుగొస్తుంది, ఎస్ఎంబీ ప్రతి చిన్న పనికీ అటూ ఇటూ చాలాసార్లు మాట్లాడుకుంటుంది, దూరం పెరిగేకొద్దీ ఆ ఆలస్యాలన్నీ కలుస్తాయి. ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ ఉంచి మార్పుల్ని మాత్రమే పంపే సింక్ యాప్ వాడండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా పెద్దవాళ్లు వేరే దేశంలో ఉంటారు. వాళ్లకి మనవల ఫొటోలు చూపించాలి. వీపీఎన్ అంటే వాళ్లవల్ల కాదు. వాళ్లకోసమైనా పోర్టు తెరవక తప్పదా?

తప్పుతుంది. ఆ ఆల్బమ్‌కి మాత్రం షేర్ లింక్ సృష్టించి, గడువు తేదీ, పాస్‌వర్డ్ పెట్టి పంపండి, క్విక్‌కనెక్ట్ లాంటి దారిలో ఆ లింక్ తెరుచుకుంటుంది. సొంత డొమైన్ ఉన్నవాళ్లు క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ (క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సర్వర్ల మీదుగా నాస్‌కి దారి) పెట్టి, ముందు ఈమెయిల్‌కి కోడ్ వచ్చే లాగిన్ తగిలించవచ్చు. దానికీ రౌటర్‌లో పోర్టు తెరవక్కర్లేదు. అయితే ఉచిత ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్‌కి 100 ఎంబీ పరిమితి ఉంది, మీ ట్రాఫిక్‌ని క్లౌడ్‌ఫ్లేర్ మధ్యలో విప్పి మళ్లీ మూసి పంపుతుంది అన్నది కూడా తెలిసే ఒప్పుకోవాలి. నా సలహా ఇంకా తేలికైనది. వాళ్లు చూడాల్సిన ఫొటోల్ని ఏదైనా మామూలు ఫొటో సర్వీసులో ఒక ఆల్బమ్‌గా పెట్టేయండి. కొన్ని ఫొటోల కోసం ఇంటి కాగితాలన్నీ ఉన్న పెట్టెని బయట పెట్టడం న్యాయం కాదు.

ప్రశ్న: వీపీఎన్ పెట్టాక, రెండు డిస్కుల రెయిడ్ కూడా ఉంది కాబట్టి ఇంక ఫైళ్లకి భయం లేనట్టేనా?

లేదు. రెయిడ్ అంటే ఇక్కడ అవే ఫైళ్లని రెండు డిస్కుల్లోనూ రాయడం, ఒక డిస్కు పాడైతే కాపాడుతుంది, అంతవరకే. మీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన రాన్సమ్‌వేర్‌కి వీపీఎన్ దారి కూడా తెరిచే ఉంటుంది, మీరు రాయగలిగిన ప్రతి ఫోల్డర్‌లోకీ అదీ రాయగలదు. ఫైళ్లు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పాడవుతాయి. నాస్‌లో స్నాప్‌షాట్లు (ఫైళ్లు ఒక సమయానికి ఎలా ఉన్నాయో గుర్తుంచుకుని వెనక్కి తెచ్చే సదుపాయం) ఉంటే ఆన్ చేయండి, దానితోపాటు అప్పుడప్పుడు మాత్రమే తగిలించే ఒక యూఎస్‌బీ డిస్కు, ఇంకో చోట ఇంకో కాపీ ఉండాలి. బయటి నుంచి తెరిచే ఖాతాకి అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఇవ్వకండి, పాత ఫొటోల ఫోల్డర్‌ని చదవడానికి మాత్రమే అనుమతించండి.

ప్రశ్న: ఊరెళ్లిన రెండోరోజే ఇంట్లో కరెంటు పోయి వచ్చింది, అప్పటినుంచి నాస్ దొరకలేదు. తిరిగొచ్చి బటన్ నొక్కేదాకా అంతే. దీనికి ముందే ఏం చేసుకోవాలి?

నాస్ పవర్ సెట్టింగుల్లో కరెంటు వచ్చాక తనంతట తాను ఆన్ అవ్వాలనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని టిక్ చేయండి. చిన్న యూపీఎస్ పెట్టి యూఎస్‌బీ తీగతో నాస్‌కి కలిపితే బ్యాటరీ అయిపోయేలోపు అది సర్దుకుని ఆగుతుంది, డిస్కులకీ మంచిది. మోడెమ్, రౌటర్ కూడా అదే యూపీఎస్ మీద ఉండాలి, లేకపోతే నాస్ వెలుగుతూనే ఉంటుంది గానీ దారి ఉండదు. నాస్‌కి ప్రతిసారీ ఒకే ఐపీ వచ్చేలా రౌటర్‌లో రిజర్వ్ చేయండి, రీస్టార్ట్ అయ్యాక వేరే అడ్రస్ తీసుకుని కనపడకుండా పోయే సమస్య అలా తప్పుతుంది. వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ మీద సంకేతం పంపి ఆగిన నాస్‌ని లేపడం) మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ సంకేతం ఇంటి నెట్‌వర్క్ లోపలే తిరుగుతుంది, బయటి నుంచి నేరుగా పంపితే మామూలుగా చేరదు.

టెయిల్‌స్కేల్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. పరికరం కీ గడువు మామూలుగా 180 రోజులు, అది మీరు దూరంగా ఉన్నప్పుడు తీరితే మళ్లీ సైన్ ఇన్ చేయడానికి నాస్ దగ్గర ఎవరైనా ఉండాల్సి రావచ్చు. వాళ్ల అడ్మిన్ పేజీలో నాస్ వరకు కీ ఎక్స్‌పైరీని డిసేబుల్ చేయండి. ఇవన్నీ పెట్టాక, ప్రయాణానికి ఓ వారం ముందు నాస్‌ని మెనూలోంచి సరిగ్గా షట్‌డౌన్ చేసి, మోడెమ్, రౌటర్, యూపీఎస్‌తో సహా మెయిన్ ఆపేసి మళ్లీ వేసి, ఏదీ ముట్టుకోకుండా ఫోన్‌లో మొబైల్ డేటా మీద నాస్ తెరిచి చూడండి. షట్‌డౌన్ చేసిన నాస్ కొన్ని మోడళ్లలో దానంతట అది లేవదు, అలాంటిదైతే మెనూలో ఉండే పవర్ షెడ్యూల్‌లో రోజూ ఒక సమయానికి ఆన్ అయ్యేలా పెట్టుకోండి.